సున్నా మాస్టారి ఉత్తరంలో రెండు తప్పులు

పళ్ళ డాక్టరు తన క్లినిక్‌కి కొత్త బోర్డు పెట్టించుకున్న రోజు పొద్దున్నే వీధి వీధంతా అక్కడ పోగైంది. నీలం మీద తెల్లటి అక్షరాలు, అంచు వెంబడి సన్నటి బంగారు గీత, ఒక్కో అక్షరం ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టు నిగనిగలాడుతోంది. చూడముచ్చటగా ఉంది. కాకపోతే అందులో "ఇచ్చట పళ్ళు కొట్టబడును" అని ఉంది.

కట్టబడును అని ఉండాలి. తలకట్టు ఉండాల్సిన చోట ఒత్వం వచ్చి దర్జాగా కూర్చుంది. దవడ వాచి అపాయింట్‌మెంటుకి వచ్చిన ఒకాయన ఆ బోర్డు చదివి, దవడ పట్టుకునే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పళ్ళ డాక్టరు బయటికొచ్చి, చదివి, మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఉండనివ్వండి మాస్టారూ, సగం నిజమేగా!" అని అరిచాడు రోడ్డుకి అవతల నిలబడ్డ మనిషి వైపు చూసి.

రోడ్డుకి అవతల గోడ పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి ఒక్కడే నవ్వలేదు. నలభయ్యొక్క ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాడు. వీధిలో ఉన్న బోర్డుల్లో సగం ఆయన చేతివే. ఒక్క తప్పు, అంటే ఒక్క తప్పు, ఈ రోజు దాకా లేదు.

ఆయన్ని అందరూ సున్నా మాస్టారు అంటారు. తెలుగు రాయాలంటే ముందు సున్నా రావాలి, సున్నా చుట్టడం చేతకానివాడు బ్రష్షు పట్టుకోవడం దేనికి అని ఆయన వాదన. కుంచె ఎత్తకుండా, ఊపిరి వదలకుండా, ఒక్క తిప్పులో సున్నా చుట్టేవాడు. నమ్మని కుర్రకారు వృత్తలేఖిని తెచ్చి కొలుచుకునేవాళ్ళు. కొలిచి, నోరు మూసుకుని పోయేవాళ్ళు.

బోర్డు రాయడమొక్కటే ఆయన పని కాదు. బోర్డు రాయించుకోవడానికొచ్చిన వాళ్ళకి అక్షరాలు నేర్పడం కూడా ఆయన తన పనే అనుకునేవాడు. ఓసారి మందుల షాపు ఓనరు "ఔషదాలు" అని కాగితం మీద రాసిచ్చాడు. మాస్టారు కాగితం తిరిగిచ్చేశాడు.

"దకి వత్తు పెట్టుకురండి. వత్తు లేని మందులకి రోగం తగ్గదు."

"ఎవడు చూస్తాడండీ వత్తు?"

"నేను చూస్తాను."

షాపతను రెండు రోజులు అలిగి, మూడో రోజు వత్తుతో వచ్చాడు.

ఇంత మొండిమనిషిని రోజూ ఓడించే మనిషి ఒక్కడుండేవాడు. ఆయన చెక్కాయన, అంటే బోర్డులకి చెక్కలు కోసి ఫ్రేములు బిగించే వడ్రంగి. ఇద్దరిదీ ఒకటే షెడ్డు. ముప్ఫయ్యేళ్ళు ఒకే కప్పు కింద పని చేశారు, ఒక్క రోజు కూడా సఖ్యంగా ఉండలేదు. "బోర్డంటే చెక్కయ్యా, నువ్వు దాన్ని మురికి చేస్తావు" అనేవాడు చెక్కాయన. "నేను మురికి చెయ్యకపోతే అది తలుపు, బోర్డు కాదు" అనేవాడు మాస్టారు. మధ్యాహ్నం ఒకే బల్ల మీద కూర్చుని, ఒకరి డబ్బాలోది ఒకరు తిని, ఎదుటివాడి డబ్బాలోదే బాగుందని మళ్ళీ పోట్లాడుకునేవాళ్ళు.

చెక్కాయన చలికాలంలో పోయాడు. శనివారం గుండెలో నొప్పన్నాడు, సోమవారానికి లేడు.

మాస్టారి భార్య పోయి పదకొండేళ్ళయింది. అప్పుడు జనం వచ్చారు, పక్కన కూర్చున్నారు, నెల రోజులు ఎవరో ఒకరు భోజనం పంపారు. చెక్కాయన పోయినప్పుడు ఆ పలకరింపులన్నీ ఆయన ఇంటివాళ్ళకి వెళ్ళాయి. న్యాయమే మరి. మాస్టారితో మాత్రం అందరూ "అయ్యో, ఎన్నేళ్ళుంటాయి ఆయనకి?" అని అడిగి, వయసు వినగానే తృప్తిపడి వెళ్ళిపోయారు. మర్నాడు ఆయన షెడ్డుకి వెళ్ళి నేల మీది చెక్కపొట్టంతా ఊడ్చి, గోనెసంచిలోకెత్తి, మూతి కట్టి, చెక్కాయన స్టూలు పక్కన పెట్టాడు. పారెయ్యలేదు. ఎందుకు పారెయ్యలేదని ఎవరూ అడగలేదు.

అప్పట్నించే మొదలైంది. తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది. వచ్చిన మెలకువ ఊరికే ఉండదు, గుండె మీద కూర్చుంటుంది. తిండి అట్టముక్క నమిలినట్టుంది. పనిలో కుంచె టర్పెంటైన్లో ముంచబోయి టీలో ముంచుతున్నాడు. టీ తాగబోయి, అదృష్టం బాగుండి, వాసన చూసి ఆగుతున్నాడు. కళ్ళజోడు ఒకరోజు పిండిడబ్బాలో దొరికింది. తాళం ఎక్కడ పెట్టాడో గుర్తుండడం లేదని చీటీ రాసుకుని జేబులో పెట్టుకునేవాడు. ఆ చీటీ ఏ జేబులో ఉందో ఇంకో చీటీలో రాసుకునేవాడు. కొన్నాళ్ళకి చొక్కా వేసుకుంటే ఎండుటాకుల్లా గలగలమనేది.

ఇంట్లో ఆయనతో పాటు ఇద్దరు. కొడుకు బేకరీలో రాత్రి పని చేస్తాడు, పగలు పడుకుంటాడు. మితభాషి. రొట్టె పొంగినంత నెమ్మదిగా మాట్లాడతాడు. కోడలు సిటీ బస్సు డ్రైవరు. ఆమె మాట కూడా హారన్ కొట్టినట్టుంటుంది.

"మామయ్య ఈ మధ్య నాతో పోట్లాడ్డం మానేశారు. నాకేం నచ్చలేదు" అంది మొగుడితో.

"వయసైంది కదా" అన్నాడతను, మెల్లిగా.

"వయసైతే పోట్లాట పెరగాలి, తగ్గడమేంటి?"

కానీ ఆమె షిఫ్టు ఉదయం ఆరింటికి, అతని షిఫ్టు సాయంత్రం. ఆ సంగతి తలుపు దగ్గర ఎదురుపడ్డప్పుడల్లా మొదలై, మెట్ల దగ్గర ఆగిపోయేది.

పళ్ళ డాక్టరు బోర్డు చూసి ఇంటికొచ్చిన రోజు మాస్టారు ఒక నిర్ణయానికొచ్చాడు. మతి పోతోంది, చెయ్యి పోయింది, ఇక మిగిలింది వీళ్ళిద్దరి నెత్తిన బరువై కూర్చోవడం. కాబట్టి తాను లేకపోవడమే మంచిది. ఇదే బోర్డు పనైతే ఆయన ఒకే మాటని నాలుగు రకాలుగా గీసి చూసుకునేవాడు, అడ్డంగా, వంపుగా, రెండు వరసల్లో, నీడతో. ఈ సంగతిలో మాత్రం ఒకే ఒక్క గీత కనపడింది. ఇంకోటి గీసి చూద్దామన్న ఆలోచనే రాలేదు. కోడల్ని అడుగుదామనీ రాలేదు. విచిత్రమేమిటంటే, నిర్ణయించుకున్నాక కాస్త తేలికపడ్డాడు. ఇంట్లోవాళ్ళు ఆ తేలికని చూసి కులాసాగా ఉన్నాడనుకున్నారు.

కుంచెలు పంచిపెట్టడం మొదలుపెట్టాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వని వెడల్పాటి మెత్తటి కుంచెని కొడుకు చేతిలో పెట్టాడు. "బన్నుల మీద గుడ్డుసొన పూయడానికి బాగుంటుంది" అన్నాడు. కొడుకు మురిసిపోయి ఆ రాత్రే వాడాడు. మర్నాడు బేకరీ బన్నులు అద్దాల్లా మెరిశాయి. కోడలికి మడతస్టూలు ఇచ్చాడు.

"ఎందుకు మామయ్యా, ఎక్కడికన్నా ప్రయాణమా?"

"ఎక్కడికెళ్తానమ్మా."

ఆమె స్టూలు తీసుకుంది గానీ, వెళ్ళేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఇంజను చప్పుడులో తేడా వస్తే బండి ఆపి చూసే మనిషి. ఆ రోజు డ్యూటీకి అప్పటికే ఆలస్యమైంది.

ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. పెన్సిలుతో గీతలు కొట్టుకుని, అంచులు కొలుచుకుని, మధ్యకి సర్ది రాశాడు. చివరి ఉత్తరమైనా వంకరగా ఉండడానికి వీల్లేదు. బల్ల మీద ఉప్పుసీసా కింద పెట్టి, మధ్యాహ్నం కొడుకు గాఢనిద్రలో ఉన్నప్పుడు ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. అదీ ఏర్పాటు.

ఆ రోజు పొద్దున ఎప్పట్లాగే కోడలికి డబ్బా కట్టిచ్చాడు. ఆమెకి పొద్దున్నే వంటకి తీరిక ఉండదు కాబట్టి ఆ పని కొన్నేళ్ళుగా ఆయనదే. రొట్టె, మధ్యలో ఉడికించిన గుడ్డు ముక్కలు, మిరియాల పొడి. ఆమె వెళ్ళింది. కొడుకు వచ్చి పడుకున్నాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బూట్లు వేసుకుని, ఉత్తరం ఉందో లేదో చూద్దామని బల్ల దగ్గరికొచ్చాడు.

ఉప్పుసీసా కింద కాగితంలో చుట్టిన గుడ్డురొట్టె ఉంది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తాను రొట్టె పెట్టుకున్నట్టు గుర్తులేదు. ఉత్తరం లేదు. సొరుగులన్నీ వెతికాడు, పరుపు కింద చూశాడు, అనుభవం కొద్దీ పిండిడబ్బాలో చూశాడు, చొక్కాల జేబుల్లోని చీటీలన్నీ బయటికి తీసి ఒక్కొక్కటీ చదివాడు. ఉత్తరం లేకుండా వెళ్ళిపోతే, పక్కగదిలో పడుకున్నవాణ్ణి రేపు జనం నానా మాటలూ అంటారు. అలా వెళ్ళలేడు. కొత్తది రాద్దామంటే స్కేలు కనపడలేదు. గంటసేపు, ఆపైన ఇంకో గంట, బూట్లతోనే ఇల్లంతా తిరిగాడు.

అప్పుడు వీధిలో బ్రేకుల చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే, కారు కూడా కష్టంగా దూరే ఆ సందులో ఒక పెద్ద బస్సు, ఖాళీ బస్సు, రెండు గోడలకీ జానెడు దూరంలో ఆగి ఉంది. కోడలు దిగి మెట్లెక్కి వచ్చింది. మధ్యాహ్నం చివరి స్టాపులో ఆకలితో డబ్బా తెరిచానని, అందులో రొట్టెకి బదులు ఈ కాగితం ఉందని ఆమె తర్వాత చెప్పింది. లోపలికొచ్చినప్పుడు మాత్రం తలుపు దగ్గరే నిలబడి, మామగారి ఇస్త్రీ చొక్కా చూసి, బూట్లు చూసి, గొంతు సవరించుకుంది.

"మామయ్యా, ఇందులో రెండు తప్పులున్నాయి."

"తప్పులా?" మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "ఎక్కడ? ఏదీ, ఇలా ఇవ్వు."

"ఇవ్వను. ఇక్కణ్ణించే చూడండి. 'క్షమించడి' అని రాశారు. సున్నా ఏదీ?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. మధ్యలో సున్నా లేదు. ఆ చోటు ఖాళీగా ఉంది.

"రెండోది?"

"ఇదిగో, కింద. 'నా కోసం ఏడవండి' అని రాశారు."

"ఏడవకండి! ఏడవకండి అని కదా నేను..."

"క ఎగిరిపోయింది." ఆమె గొంతు కూడా అక్కడే ఎగిరిపోయింది. "మీరు రాసినట్టే చేశాను. చివరి స్టాపు నుంచి ఇక్కడిదాకా ఏడుస్తూనే తోలాను."

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నేల మీదే కూర్చుంది, ఆయన బూట్ల పక్కన.

"తిట్టడానికి రాలేదు మామయ్యా. ఒక్కటే అడుగుతాను, సూటిగా చెప్పండి. చచ్చిపోవాలనుందా?"

అన్ని నెలల్లో ఆ మాట ఆయన్ని అడిగిన మొదటి మనిషి ఆమె. అడిగితే కోపమొస్తుందేమో, సిగ్గేస్తుందేమో అనుకునేవాడు. తీరా అడిగాక భుజాలు కిందికి జారాయి.

"ఉందమ్మా" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"వాడు పోయిన దగ్గర్నించి. కాదు, తర్వాత. నాకు సరిగ్గా గుర్తులేదు. అదే కదా గొడవ, నాకేదీ గుర్తుండట్లేదు. రేపు మీ పేర్లు కూడా మర్చిపోతాను. మీకెందుకీ తలనొప్పి?"

"తలనొప్పి సంగతి మేం చూసుకుంటాం. పదండి, డాక్టరు దగ్గరికి. ఇప్పుడే."

"ఇప్పుడా? మరి బస్సు?"

"బస్సు ఉంది కాబట్టే."

చప్పుళ్ళకి కొడుకు లేచి వచ్చాడు. జుట్టునిండా పిండి, కాళ్ళకి రెండు రకాల చెప్పులు. కోడలు ఉత్తరం అతని చేతికిచ్చింది. చదివాడు. తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిలిచేదాకా వదల్లేదు. అలా నలభై రెండు సీట్ల బస్సులో ఇద్దరే ప్రయాణికులై, వెనక్కి చూసుకుంటూ, సందు చివరిదాకా రివర్సులో వెళ్ళారు. పళ్ళ డాక్టరు పేషెంటుని నోరు తెరిపించి వదిలేసి బయటికొచ్చి, "రానీ, రానీ, కాస్త ఎడమకి!" అని దారి చూపించాడు. అనుమతి లేకుండా రూటు తప్పినందుకు డిపోవాళ్ళు కోడలికి మెమో ఇచ్చారు. కారణం రాయమన్న చోట ఆమె "మామయ్య" అని రాసింది.

మానసిక వైద్యురాలు యాభై దాటిన మనిషి, తొందర లేని మనిషి. చాలాసేపు మాట్లాడాక ఒక కాగితం ఇచ్చింది.

"మాస్టారూ, ఇందులో ఒక గడియారం గీసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించండి."

మాస్టారు పెన్ను తీసుకుని ఒక్క తిప్పులో వలయం చుట్టాడు. డాక్టరమ్మ కనుబొమలెత్తింది. పన్నెండు అంకెలూ అచ్చులో పోసినట్టు పెట్టాడు, అడక్కుండానే నీడ కూడా వేశాడు. ఆ తర్వాత పెన్ను ఆగిపోయింది. ముళ్ళు ఎటు తిప్పాలో తెలియలేదు. పది నిమిషాలంటే పది మీద పెట్టాలనిపిస్తుంది, అది కాదనీ తెలుస్తుంది. ఏది సరైనదో మాత్రం అందడం లేదు.

"ఇంత అందమైన తప్పు గడియారం నా సర్వీసులో చూళ్ళేదు" అంది డాక్టరమ్మ. ఆయన నవ్వాడు. కొడుకూ కోడలూ మొహామొహాలు చూసుకున్నారు, ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

ఆమె విషయం దాచకుండా చెప్పింది. "రెండు దారాలు చిక్కుపడ్డాయి. ఒకటి డిప్రెషన్, రెండోది మరుపు. పెద్దవయసులో డిప్రెషన్ వస్తే మెదడు మందగిస్తుంది, మతి పోతున్నట్టే ఉంటుంది. ఆలోచన ఒకేచోట ఇరుక్కుపోతుంది, పక్కదారి ఉన్నా కనపడదు. అందుకే చావొక్కటే తోచింది మీకు. అది మీ తెలివి తీసుకున్న నిర్ణయం కాదు, జబ్బు మీతో గీయించిన గీత."

"నయమైతే నా జ్ఞాపకం తిరిగొస్తుందా?"

"కొంత వస్తుంది. ఎంతన్నది నేనిప్పుడు చెప్పలేను. కొంత మరుపు నిజంగానే ఉండొచ్చు. దిగులు తగ్గాక మళ్ళీ గడియారం గీద్దాం."

మూడు వారాలు వార్డులో ఉంచారు. మొదటి వారం ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండోవారం మందులకి నోరెండిపోతోందని సణిగాడు. మూడోవారం నర్సుని పిలిచి, తలుపు మీద "నిశబ్దం" అని రాసి ఉందని, శబ్దానికి శకారం వత్తు లేకపోతే ఎవడు నోరు మూస్తాడని దబాయించాడు. నర్సు వెళ్ళి డాక్టరమ్మకి ఫిర్యాదు చేసింది. డాక్టరమ్మ ఫైల్లో "కోలుకుంటున్నారు" అని రాసుకుంది.

ఇంటికొచ్చేసరికి కోడలు డాక్టరమ్మ ఇచ్చిన జాబితా పట్టుకుని ఇల్లంతా తిరిగి, ప్రమాదమనిపించినవన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. మాత్రలు కూడా ఏ పూటవి ఆ పూటే లెక్కగా చేతిలో పెట్టేది. "నన్ను నమ్మవన్నమాట" అన్నాడు మాస్టారు. "మిమ్మల్ని నమ్ముతాను మామయ్యా, జబ్బుని నమ్మను" అంది. ఆయనకి కోపమొచ్చింది. పూర్తిస్థాయి పోట్లాట జరిగింది. పోట్లాటయ్యాక కోడలు వంటగదిలోకెళ్ళి, ఎవరికీ కనపడకుండా, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ప్రతి గురువారం డాక్టరమ్మతో గంటసేపు మాటలు. ఆరో గురువారం చెక్కాయన సంగతి వచ్చింది. మాస్టారు, ఆయన డబ్బాలోది తిని బాగాలేదని చెప్పిన ఆఖరి రోజు గురించి మొదలుపెట్టి, ముప్ఫయ్యేళ్ళూ చెప్పుకుంటూ పోయి, చివర్లో చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. డాక్టరమ్మ ఓదార్చలేదు. రుమాలు ముందుకి జరిపింది. ఆ మర్నాడు ఆయన షెడ్డుకి వెళ్ళి సంచి మూతి విప్పి, చెక్కపొట్టంతా పక్కింటివాళ్ళ పూలకుండీల్లో పోసి వచ్చాడు.

నిద్ర వచ్చింది. రుచి వచ్చింది. మతి ముప్పాతిక వంతు వచ్చింది. రెండోసారి గీసిన గడియారంలో పెద్దముల్లు సరైన చోటే పడింది, చిన్నముల్లు కాస్త పక్కకెళ్ళింది. మిగిలిన పావువంతు రాదేమోనని డాక్టరమ్మ చెప్పింది, ఆర్నెల్లకోసారి చూద్దామంది. పెద్ద బోర్డులు మానేశాడు. చిన్నవి రాస్తాడు. రాసినవాటిని కోడలు చదివి సరే అన్నాకే బయటికి పంపిస్తాడు. ఆమె ఒక్కోసారి కావాలనే ఒప్పుని తప్పంటుంది, ఆయన ఎగిరిపడడం చూడ్డానికి.

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున, కోడలు డ్యూటీకి వెళ్ళాక, కొడుకు పని నుంచి వచ్చేసరికి మాస్టారు వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీ కప్పు చల్లారిపోయింది.

"ఒరేయ్" అన్నాడు. "ఆ ఆలోచన మళ్ళీ వచ్చింది. నిన్నట్నించి."

కొడుకు చేతిలోని సంచి కింద పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన ఎదురుచూశాడు, ఎప్పట్లాగే మౌనం వస్తుందని.

"నేను పక్కగదిలో నిద్రపోతున్నా నాన్నా ఆ రోజు" అన్నాడు కొడుకు. "నువ్వు రెండు గంటలు ఇల్లంతా తిరిగావు. నాకు తెలీలేదు. ఇప్పటికీ పడుకునే ముందు నీ గది తలుపు చూసొస్తాను. చెప్పావు, అది చాలు. ఇంకెప్పుడొచ్చినా ఇలాగే చెప్పు. నిద్రలో ఉంటే లేపి చెప్పు."

అతను ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడ్డం మాస్టారు ఎప్పుడూ వినలేదు. ఏం చెయ్యాలో తోచక అతని జుట్టులోని పిండి దులిపాడు.

ఎనిమిదింటికి డాక్టరమ్మకి ఇద్దరూ కలిసి ఫోన్ చేశారు. పదింటికి రమ్మంది.

"వెళ్ళి పడుకో, తొమ్మిదిన్నరకి లేపుతాను" అన్నాడు మాస్టారు.

"పడుకోను. ఇక్కడే కూర్చుంటాను." కొడుకు లేచి కొత్తగా టీ పెట్టి, రెండు కప్పుల్లో పోసి తెచ్చాడు.

మాస్టారు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "పంచదార రెండుసార్లు వేశావు."

"ఒక్కసారే వేశాను."

"రెండుసార్లు."

"సరిగ్గా గుర్తుంది నాన్నా, ఒక్కసారే."

"నాకంటే మరుపు. నీకేమైంది?" అని మాస్టారు కప్పు అతని ముందుకి తోశాడు. కొడుకు తాగి చూసి, కాసేపు ఆలోచించి, నిజమేనని ఒప్పుకున్నాడు. అయినా ఇద్దరూ ఆ టీ అడుగుదాకా తాగారు.